స్కీ కొనలో కన్నం

నా పనికి వంక పెడితే నేను ఊరుకోను. ఈ సంగతి మా కొండ ఊరు తెరెక్‌సూలో అందరికీ తెలుసు. ఒకసారి నేను కుట్టిన చేతి తొడుగు చూసి మా తమ్ముడు షాయిర్‌బెక్ "ఇందులో బొటనవేలు ఎక్కడ దాచావక్కా?" అన్నాడు. అంతే, తొమ్మిది రోజులు వాడితో మాట్లాడలేదు. రొట్టె పెట్టాను, చాయ్ పోశాను, మాట మాత్రం లేదు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేనే. నా కోపమంటే వాడికి నవ్వూ, భయమూ రెండూ ఉండేవి.

నాన్న బొగ్గు గనిలో బండ్లు బాగుచేసేవాడు. ఆయన పనిముట్లు నాకు మిగిలాయి. టూరిస్టుల్ని స్కీల మీద, అంటే కాళ్ళకి కట్టుకుని మంచు మీద జారే పొడుగాటి చెక్కల మీద, కొండలెక్కించే కుర్రాళ్ళు విరిగినవీ, చీలినవీ నా కొట్టానికే తెస్తారు. తమ్ముడూ వాళ్ళలో ఒకడే. నేను మాత్రం ఒక్కసారి కూడా స్కీలు కాలికి కట్టుకుని ఎరగను.

ఈ చలికాలం మొదట్లో షాయిర్‌బెక్ తన స్కీలు తెచ్చాడు. రెండు కొనలూ నానిన అట్టలా పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. నీళ్ళు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయా అని చూస్తే, ఒక్కో కొనలో వేలు దూరేంత కన్నం. గోడ మేకుకి తగిలించుకోవడానికి పెట్టుంటారు అనుకున్నాను. నా కొట్టంలో స్కీలన్నీ అలాగే వేలాడతాయి మరి. ఒక్క మేకు కోసం ఇంత మంచి చెక్క కుళ్ళబెట్టుకుంటారా, బుద్ధిలేని వాళ్ళు! అని తిట్టుకున్నాను.

రెండు రోజులు పొయ్యి పక్కన ఆరబెట్టాను. పొరల మధ్య జిగురు దట్టించి బిగించాను. భూర్జచెట్టు రంపపు పొట్టు జిగురులో కలిపి ఆ కన్నాలు పూడ్చేశాను. చివర చాయ్ డబ్బా రేకు కత్తిరించి కొనలకు తొడిగాను. నా జన్మలో అంత చక్కటి పని చేయలేదు.

షాయిర్‌బెక్ వచ్చి చూశాడు. బొటనవేలితో కొన తడిమాడు.

"కన్నం కూడా పూడ్చేశావా అక్కా?"

"పూడ్చక? కత్తి మొన కూడా దిగదు, చూసుకో. ఏం, బాగాలేదా?"

"అబ్బే, అద్భుతం. మరి దేనికి తగిలించుకోను?"

"నా మంచం కింద పెట్టుకో."

నవ్వి నా నెత్తి మీద ముద్దు పెట్టి వెళ్ళాడు.

జనవరిలో వాడూ, వాడి జతగాడు కుబాత్ మంచు చూసి రావడానికి పై కనుమకి వెళ్ళారు. సాయంత్రానికి కుబాత్ ఒక్కడే దిగి వచ్చాడు. షాయిర్‌బెక్ తొడ ఎముక విరిగిందట, తనొక్కడే మోయలేకపోయాడట. మావాళ్ళు గుర్రాల మీద చేరేసరికి తమ్ముడు గడ్డకట్టుకుపోయి ఉన్నాడు.

"వాణ్ణి మంచులో పారేసి నీ ప్రాణం తెచ్చుకున్నావు! నీ నీడ నా గుమ్మం మీద పడ్డానికి వీల్లేదు!" అని ఊరందరి ముందూ కుబాత్‌ని తిట్టాను. వాడు తలొంచుకుని విన్నాడు. ఆ రోజు నుంచి వాణ్ణి ఎవరూ పనికి పిలవలేదు, ఎవరూ వాడితో కూర్చుని చాయ్ తాగలేదు. అది చూసి నా మనసు చల్లబడిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

తమ్ముడు పోయిన నలభయ్యో రోజున, మా ఆచారం ప్రకారం విందుకి గుర్రాన్ని కోశాం. డేరాలో జనం నిండారు. పోయినవాడి వస్తువులు పంచే వేళ ఊరిపెద్ద సాగిన్ తాత "స్కీలేవమ్మా?" అన్నాడు. తమ్ముణ్ణి కిందికి దించిన రోజు నుంచీ అవి కుబాత్ దగ్గరే ఉండిపోయాయి. కబురు పంపితే తెచ్చాడు. గుమ్మం దాటకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. నేనే బయటికి వెళ్ళాను.

"నలభై రోజులు ఎందుకు దాచావురా?"

"శుభ్రం చేసిద్దామని అక్కా."

అలవాటు కొద్దీ బొటనవేలితో కొన తడిమాను. కొత్తగా పూసిన మైనం ఊడి వచ్చింది. దాని కింద రేకు చీల్చి ఉంది. నేను పూడ్చిన జిగురు నిండా గీతలు.

"ఇదేంటి?"

"రాయి తగిలింది."

"ఎవరికి చెబుతావురా? ఇది కత్తి గాటు. షాయిర్‌బెక్ మీద ఒట్టు, నిజం చెప్పు."

కుబాత్ రెండు స్కీల కొనలూ దగ్గరికి చేర్చి చూపించాడు.

"ఆ కన్నాల్లోంచి తాడు దూర్చి రెండు స్కీలూ కట్టేస్తే మంచు మీద లాగే బండి అవుతుందక్కా. పడ్డవాణ్ణి వాడి స్కీల మీదే పడుకోబెట్టి లాక్కొస్తాం. కన్నాలున్నది అందుకే. కన్నం లేక పైనుంచి చుట్టి కట్టి చూశా, తాడు జారిపోయింది. పూడ్చింది తొలుద్దామని గంటన్నర గీకా. కత్తి మొన విరిగింది గానీ అది ఊడలేదు."

నేను ఆ గీతల మీద మళ్ళీ వేలు పెట్టి చూశాను.

"వాడికి ముందే తెలుసు కదా. ఆ రోజే నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వంత మురిసిపోతుంటే నోరు రాలేదట. తర్వాత మెల్లగా తొలుచుకుందాం అనుకున్నాడు."

"మరి నువ్వు? నేనన్ని తిట్లు తిడుతుంటే నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దని మాట తీసుకున్నాడక్కా." కుబాత్ ఏడుస్తున్నాడు. "అంత నొప్పిలోనూ నవ్వాడు. 'పనికి వంక పెడితే మా అక్క తొమ్మిది రోజులు మాట్లాడదురా' అన్నాడు."

కుబాత్ చెయ్యి పట్టుకుని డేరాలోకి లాక్కెళ్ళాను. స్కీలు అందరి మధ్యా పడేసి చెప్పాను. వీడు నా తమ్ముణ్ణి వదిలేసి రాలేదని, వాడు దిగి వచ్చే దారి నేనే ఈ చేతుల్తో పూడ్చానని, ఎలా పూడ్చానో, ఎంత గట్టిగా పూడ్చానో అన్నీ చెప్పాను.

సాగిన్ తాత పక్కకి జరిగి కుబాత్‌కి చోటిచ్చాడు. ఎవరో వాడి చేతికి చాయ్ గిన్నె అందించారు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.