ఐసు తెచ్చే మనిషి

నిన్న సాయంత్రం ఇనప మూకుడులో కాల్చి ఉంచిన మొక్కజొన్న రొట్టెను వెర్నెల్ పెద్ద గిన్నెలోకి చిదుపుతోంది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ తిమ్మిరెక్కి మాట వినడం లేదు. అందుకని బరువంతా బొటనవేలి మీద వేసి నలుపుతోంది.

"మరీ అంత మెత్తగానా? పిండి చేస్తావా ఏంటి దాన్ని?" అంది కిటికీ పక్క కుర్చీలోంచి తల్లి ఓజెల్లా.

"లేదమ్మా, ముక్కలుగానే ఉంది."

"నాకు వినబడుతోందిలే."

రొట్టె చిదిపితే వినబడేదేమిటో ఆవిడకే తెలియాలి. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. చూపు సగం పోయింది. చేతులు వణుకుతాయి. మొన్న చలికాలం జ్వరం వచ్చి తగ్గాక నాలుకకు రుచి కూడా తెలియడం లేదు. పోనిది అజమాయిషీ ఒక్కటే.

వెన్నలో మగ్గిన ఉల్లిపాయ, సెలరీ కాడల ముక్కలు గిన్నెలో వేసి, ముసలి కోడిని ఉడికించిన నీళ్ళు గరిటెతో పోసి, ఘాటు వాసన వేసే ఎండు సేజ్ ఆకు నలిపి చల్లింది వెర్నెల్. గుడ్లు కొట్టక ముందే ఉప్పూకారం చూసుకోవాలి. చెంచాతో కొంచెం తీసి తల్లి నోటికి అందించింది. ముసలావిడ కళ్ళు మూసుకుని, పెదవులు చప్పరించి, తీర్పు చెప్పింది.

"సేజ్ ఇంకొంచెం పడాలి."

"వేస్తున్నానమ్మా" అంటూ వెర్నెల్ ఖాళీ చేతిని గిన్నె మీద ఆడించింది. తర్వాత తను రుచి చూసుకుంది. సరిగ్గా ఉంది.

నెల మొదటి ఆదివారం చర్చి అయ్యాక కుటుంబమంతా ఓజెల్లా ఇంట్లో భోంచేయాలి. మిసిసిపీ డెల్టాలో ఎవరి ఇంట్లో అయినా ఉన్న పద్ధతే ఇక్కడా ఉంది: ఏ వంటకం ఎవరిదో వాళ్ళదే. మాకరోని పెద్దకూతురు జెరల్డీన్‌ది. పంది పక్కటెముకల మాంసం కొడుకు క్లియోఫస్‌ది, పెరట్లో పొగబెట్టి కాలుస్తాడు. ఈ మొక్కజొన్న రొట్టెతో చేసే డ్రెస్సింగ్ మాత్రం ఓజెల్లాది. ఆ పళ్ళెం కోసమే జాక్సన్ నుంచీ మెంఫిస్ నుంచీ కార్లు వేసుకుని వస్తారు. వెర్నెల్ వంతు ఐసు, కాగితం పళ్ళేలు.

ఆ వంతు ఎలా వచ్చిందో విన్నవాళ్ళకు ఒళ్ళు మండకపోతే వాళ్ళది ఒళ్ళే కాదు. పందొమ్మిదేళ్ళప్పుడు క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో చేరింది వెర్నెల్. రబ్బరు బూట్లతో చల్లటి నీళ్ళలో నిలబడి రోజంతా చేపలు కోసే పని. చేరిన కొత్తలో ఓ ఆదివారం బంగాళాదుంపల సలాడ్ చేసి మురిపెంగా బల్ల మీద పెట్టింది. జెరల్డీన్ ఒక చెంచా తిని, "ఇందులో చేపల వాసనేంటే?" అంది. అందరూ నవ్వారు. గిన్నె నిండుగా ఉండగానే చెత్తబుట్టలోకి పోయింది. వచ్చే నెల నువ్వు ఐసు తేవే అన్నారు. ఆ వచ్చే నెల నలభై ఏళ్ళయినా అయిపోలేదు. చెల్లెలు కోసిన చేపల జీతంతోనే జెరల్డీన్ టీచరు చదువు చదివింది. ఆ డబ్బుకు మాత్రం ఏ వాసనా రాలేదు.

ఏడేళ్ళ క్రితం ఓజెల్లా చేతుల్లోంచి గిన్నె జారి పడింది. ఆ రోజు నుంచి డ్రెస్సింగ్ వెర్నెలే చేస్తోంది. తల్లీ కూతురూ తప్ప మరో పురుగుకు తెలియదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా.

పళ్ళెం ఓవెన్‌లోకి వెళ్ళాక వెర్నెల్ తల్లికి ఏప్రాన్ కట్టింది.

"పిండి కాస్త రాయి ఇక్కడ" అంది ఓజెల్లా ముంజెయ్యి చాపి.

వెర్నెల్ రాయలేదు. "అమ్మా, ఇవాళ వాళ్ళకు చెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఎవరు చేస్తున్నారో చెప్పు. నాకు అరవై వస్తున్నాయి. నా చేత్తో చేసింది నా పేరు చెప్పి ఒక్కసారి తిననీ."

ముసలావిడ "చూద్దాంలే" అని, చెయ్యి అలాగే చాపి ఉంచింది. వెర్నెల్ చిటికెడు పిండి తీసి రాసింది. చూద్దాం అనడమే ఆవిడ నోట ఒప్పుకోలు కింద లెక్క. అంత ఆశ పెట్టుకుంది పిచ్చిది.

అప్పుడిక దొడ్డిదారిన బయటపడి, పెట్రోలు బంకులో ఐసు సంచులు కొని, అందరి కార్లూ వచ్చాక వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఇది కూడా ప్రతి నెలా జరిగే భాగవతమే.

"చర్చికి రావడానికి తీరిక లేదు గానీ తినడానికి మాత్రం టైముకు వస్తావే వెర్నీ" అంది జెరల్డీన్, పసుపు టోపీ తీసి పక్కన పెడుతూ. "అమ్మ ఈ వయసులో పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గర నిలబడింది. నువ్వేమో పడుకుని లేచొస్తున్నావు."

వెర్నెల్ ఐసు సంచిని నేలకేసి రెండుసార్లు కొట్టింది. ముక్కలు విడివడ్డాయి.

క్లియోఫస్ ప్రార్థన చేశాడు. పళ్ళేలు పట్టుకుని అందరూ బల్ల చుట్టూ చేరారు. డ్రెస్సింగ్ పైన బంగారు రంగు వచ్చింది, అంచులు పెళుసుగా కాలాయి. ఎవరు చేశారో తెలియకుండా ఎవరి వంటా ముట్టరు ఈ ఇంట్లో. అందుకని క్లియోఫస్ ఎప్పటిలాగే గరిటె ఎత్తి అడిగాడు.

"ఇది ఎవరు చేశారో ముందు చెప్పండి. అప్పుడే నా పళ్ళెంలో పడుతుంది."

వెర్నెల్ గ్లాసుల్లో ఐసు వేయడం ఆపేసింది. ఓజెల్లా మసక కళ్ళతో కూతురు ఉన్న వైపే చూసింది.

"నేను బతికుండగా ఇంకెవరు చేస్తార్రా?" అంది.

నవ్వులు, చప్పట్లు. వెర్నెల్ మిగిలిన గ్లాసులు నింపింది. పళ్ళెం పట్టుకోలేదు, తినలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

భోజనాలయ్యాక తల్లిని పడకగదికి తీసుకెళ్ళి, ఏప్రాన్ విప్పి, బూట్లు తీసింది. తీయడం కాస్త మొరటుగానే తీసింది.

"కోపం వచ్చిందే నీకు" అంది ఓజెల్లా.

"రాదా? నోట్లో నాలుక లేదా నీకు? నా పేరు అంత చేదా?"

"నీకు చేతులున్నాయే. నాకు ఆ పేరొక్కటే మిగిలింది. అది కూడా ఇచ్చేస్తే నేను కుర్చీలో కూర్చున్న మూటనే. మూటను చూడ్డానికి మెంఫిస్ నుంచి ఎవడొస్తాడు?"

"మరి నేనెవర్నమ్మా?"

ఓజెల్లా కూతురి తిమ్మిరి వేళ్ళు వెతికి పట్టుకుని నొక్కింది. "కాసేపు పడుకుంటా. కాఫీ తర్వాత తే" అని గోడ వైపు తిరిగింది.

వెర్నెల్ గిన్నెలన్నీ తోమి కాఫీ తీసుకెళ్ళేసరికి ఆ చెయ్యి దుప్పటి మీద చల్లగా ఉంది. కప్పు కిటికీలో పెట్టి మంచం అంచున కూర్చుంది. దుఃఖం వచ్చింది, కోపం పోలేదు. చాలాసేపటికి గానీ బయట ఉన్నవాళ్ళను పిలవలేకపోయింది.

పాస్టరు వచ్చి వెళ్ళాడు. అంత్యక్రియల సంస్థ నుంచి తెల్ల చేతి తొడుగుల మనుషులు వచ్చి ఓజెల్లాను తీసుకెళ్ళారు. చీకటి పడుతుండగా వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచిన జెరల్డీన్ ఒక్కసారి భోరుమంది. సగం మిగిలిన డ్రెస్సింగ్ పళ్ళెం గుండెలకు హత్తుకుని బయటికి తీసింది.

"అమ్మ చేతి ఆఖరి వంట. దీన్నెవరూ ముట్టకండి. ఫ్రీజర్‌లో పెట్టి, ఏటా ఈ రోజున తలా ఒక ముక్క తిందాం."

"అది నేను చేశానక్కా" అంది వెర్నెల్.

జెరల్డీన్ పళ్ళెం బల్ల మీద దింపింది.

"ఏడేళ్ళుగా నేనే చేస్తున్నాను."

క్లియోఫస్ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఇవాళ ఈ మాటలెందుకు చెల్లీ? అమ్మ అందరి ముందూ తన నోటితో చెప్పింది కదా. పోయిన మనిషిని అబద్ధాలకోరును చేస్తావా?"

ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వగలిగిన మనిషి ఒక్కతే. ఆవిడను తీసుకెళ్ళిపోయారు. ఓజెల్లా తన పేరుతో పాటు కూతురి పేరును కూడా పట్టుకుపోయిందని వెర్నెల్‌కు అర్థమైంది.

జెరల్డీన్ కళ్ళు తుడుచుకుంది. క్షమించినదానిలా చెల్లెలి వైపు చూసి, పళ్ళెం మూలనున్న ముక్క ఒకటి కోసి, వెండి కాగితంలో చుట్టింది. "దుఃఖంలో ఏదో అనేశావులే. ఇదిగో, నీకూ ఉండాలి కదా అమ్మ గుర్తు. ఒక్కసారే తినేయకు" అంటూ బల్ల మీద ఆమె ముందుకు జరిపింది.

వెర్నెల్ దాని వంక చూసింది. తన చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"నాకొద్దు. కావాలంటే రేపు చేసుకుంటాను."

"అమ్మ చేసిందాన్ని వద్దంటావా?" అంది జెరల్డీన్.

"మీరే దాచుకోండక్కా. మీకు మళ్ళీ దొరకదు."

వీధి గుమ్మంలోంచే బయటికి నడిచింది. కారు కదిలిన చప్పుడు వినబడింది. జెరల్డీన్ ఇంకా గుమ్మం వైపే చూస్తోంది. బల్ల మీద ఆ వెండి కాగితపు పొట్లం ఒక్కటే మిగిలింది, ఒక పక్క మడతకు వెన్న అంటుకుని.