గూడబాతుకి ప్రూఫులు

పప్పులో పోపు పెడుతుంటే మా ఆయన హరిప్రసాద్ ప్రూఫు కాగితాల నకలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమోయ్ రత్నమాలా, ఒకచోట తప్పు రాశావు. దిద్ది ప్రెస్సుకి పంపేశాను."

అడగడం కాదు, చెప్పడం. ఆయన రిటైరైన తెలుగు లెక్చరర్. కొల్లేటి పక్షుల మీద నేను పిల్లల కోసం రాసే ప్రతి పుస్తకానికీ ప్రూఫులు చూసేదీ, ముందుమాట రాసేదీ ఆయనే. అచ్చుతప్పులు దిద్దితే సంతోషమే. ఈసారి ఏకంగా గూడబాతునే, అదే పెలికాన్‌నే, దిద్దారు. "తల్లీ తండ్రీ వంతులేసుకుని గుడ్లు పొదుగుతాయి" అని నేను రాస్తే, "తల్లి పొదుగుతుంది, తండ్రి కాపలా కాస్తుంది" అని మార్చారట.

"మగపక్షి పొదగడమేమిటోయ్, పిల్లలు నవ్విపోతారు" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో, నడుం పట్టేసినా దోనెలోంచి కదలకుండా చూసి రాసిన మాట అది. ఆయన ఏనాడూ అటు రాలేదు, దోమలు కుడతాయని. అయినా నాకిది కొత్తా? ఒకప్పుడు నేను పనిచేసిన పత్రిక ఏలూరు ఆఫీసులో మొదటి ఆడ విలేఖరిని నేనే. కొల్లేటి వరదల్లో మోకాలిలోతు నీళ్ళలో తిరిగి వార్త రాసుకొస్తే, ఇన్‌ఛార్జి పాండురంగారావుగారు "ఆడపిల్ల పేరెందుకులేమ్మా" అని "మా విలేఖరి" అని వేసేశారు. ఆవకాయ ఎలా పెట్టాలో రాసినప్పుడు మాత్రం నా పేరు నిక్షేపంగా వేసేవారు. ఇంటికొస్తే అత్తగారు "రిపోర్టరమ్మ వచ్చింది, కాళ్ళకి నీళ్ళివ్వండర్రా" అనేవారు. ఆ నీళ్ళు తోడుకోవాల్సిందీ నేనే. అన్నిటికీ నవ్వి ఊరుకోవడమే మంచితనమన్నారు. ఆ మంచితనం మీదే నాకు విసుగొచ్చేసింది.

పొయ్యి కట్టేసి, ప్రెస్సు నడిపే నెల్సన్‌కి ఫోన్ చేశాను. నేను రాసిన వాక్యమే ఉంచమన్నాను.

"సారు దిద్దారు కదండీ. ఆయన్నొక్క మాట అడిగి వేసేస్తానండి."

"పుస్తకం ఎవరిదండీ?"

"మీదేనండీ. కాకపోతే సారు..."

"కాకపోతే ఏమీ లేదు. నేను రాసింది వేయండి, లేదా పుస్తకం ఆపేయండి."

పక్కనే ఉన్న ఆయన తెల్లబోయారు. "ఒక్క వాక్యానికి ఇంత రాద్ధాంతమా?"

"ఒక్క వాక్యమే కదండీ, మీకెందుకు మింగుడుపడలేదు?"

ఫోన్లో నెల్సన్ నసిగాడు. "అమ్మా, మరి సారు రాసిన ముందుమాట ఏం చేయమంటారండీ?"

"ఈసారి ముందుమాట లేదండీ. పుస్తకం గూడబాతుతోనే మొదలవుతుంది."