జల్లెడలో అక్షింతలు

నేను ఒక జల్లెడని. పిండి జల్లెడ అనుకునేరు! వరదల్లో లంక గ్రామాల జనాన్ని ఒడ్డుకు చేర్చే జెట్ బోటులో, ఇంజను పక్కన, మూత బిగించిన డబ్బాలో ఉండే స్టీలు జల్లెడని. హైదరాబాదులో ఒక ఇరుకు వర్క్‌షాపులో పుట్టాను. గోదావరికి వచ్చేదాకా నీళ్ళంటే కుళాయి నీళ్ళే అనుకున్నాను.

మా బోటుకు కింద తిరిగే రెక్కలు కనపడవు. కడుపు కింద నోటితో నదిని పీల్చి, వెనక నుంచి విసురుగా చిమ్ముతూ ముందుకు దూకుతుంది. ఆ పీల్చిన నీళ్ళలో కాసిన్ని సన్నటి గొట్టంలోంచి నా దగ్గరికి వస్తాయి. ఇసుక, ఆకులు నేను పట్టుకుని, మిగతా నీళ్ళు ఇంజనుకు పంపుతాను. అవి అందకపోతే ఇంజను కాగిపోయి పట్టేస్తుంది. బోటు నడిపే గవర్రాజు రోజూ నన్ను బయటికి తీసి, పాత బ్రష్షుతో తోమేవాడు. నాలో చెప్పుముక్క, పాలప్యాకెట్టు దొరికిన రోజులున్నాయి. మనుషులు నదిలో వెయ్యని వస్తువు లేదని అప్పటికే తెలుసు. అయినా ఆ రోజు చూసింది నేను ఊహించలేదు.

వరద పోటు మీదుంది. లంకలో బేబి అనే నిండు గర్భిణికి నొప్పులు మొదలయ్యాయి. మంచంతో సహా ఆమెను బోటెక్కించారు. వెంట తల్లి మంగాయమ్మ. బోటు కదులుతుండగా ఆవిడ కొంగు చాటునుంచి చిన్న మూట తీసి, పక్కకు వంగి, కళ్ళు మూసుకుని నీళ్ళలో వదిలింది. ఎవరూ చూడలేదు; నాకూ తర్వాతే తెలిసింది.

నది నడిమధ్యకు వచ్చేసరికి నాకు నీళ్ళు సన్నగిల్లాయి. తర్వాత చుక్క లేదు. వేడి హెచ్చిందని ఇంజను దగ్గరున్న హెచ్చరిక ఈల కూత పెట్టింది. గవర్రాజు చప్పున ఇంజను ఆపాడు. ప్రవాహం మమ్మల్ని పట్టుకుని నేరుగా వంతెన స్తంభాల మీదికి లాక్కుపోసాగింది.

అతను నా మూత ఊడదీశాడు. నా నిండా పసుపు బియ్యం!

"అచ్చింతలేంటిందులో? ఎవరేశారు?"

"నేనేనయ్యా. గోదారమ్మకి రవికలగుడ్డ, పసుపుకుంకం, అచ్చింతలు ఇచ్చుకున్నాను. మా అత్తగారు కూడా వరదలో దాటేటప్పుడు ఇచ్చుకునేది."

"ఆవిడెక్కిన నావకి నోరు లేదు పిన్నీ! దీనికుంది!"

అతను వెనకున్న పలక ఎత్తి, నీళ్ళు పీల్చే నోట్లోకి భుజందాకా చెయ్యి దూర్చి లాగాడు. ఆకుపచ్చ రవికల గుడ్డ, ఒక కొస చిరిగి, బురదోడుతూ బయటికొచ్చింది.

అది చూసి మంగాయమ్మ తల బాదుకుంది. "వద్దని తిప్పికొట్టేసింది తల్లి. నా పిల్ల దక్కదు," అంది. ఆ మాట బేబి చెవిన పడింది. అంతవరకూ అరుస్తున్న పిల్ల ఒక్కసారిగా నోరు మూసేసింది. ఆ నిశ్శబ్దానికి నాకు భయమేసింది. స్తంభాలకన్నా ఎక్కువ భయమేసింది.

గవర్రాజు నన్ను దులిపి డబ్బాలో పెట్టి మూత బిగిస్తూనే అన్నాడు: "అక్కర్లేకపోతే సముద్రంలోకి పట్టుకుపోదా? నా చేతికెందుకిస్తది? పుట్టేవోళ్ళకి చొక్కా కుట్టించమని ఇచ్చింది. పట్టుకో!"

అబద్ధమని నాకు తెలుసు. ఆ గుడ్డ బోటు కడుపు కింద ఎక్కడ చుట్టుకుందో నాకు తెలుసు. కానీ బేబి మళ్ళీ అరిచింది, ఈసారి గట్టిగా. ఇంజను అందుకుంది. చల్లటి నీళ్ళు నా మీదుగా పరుగెత్తాయి. చెయ్యి చాపితే తగిలేంత దూరంలో స్తంభం వెనక్కి పోయింది. ఒడ్డు చేరకముందే ఆడపిల్ల పుట్టింది.

మరుసటి ఏడు మళ్ళీ వరద. అదే లంక, అదే ఒడ్డు. ఈసారి గవర్రాజు ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపేశాడు. నీళ్ళు తరుముకొస్తుంటే ఇంజను ఆపడమేమిటని నేను నోరెళ్ళబెట్టాను. మంగాయమ్మ కొత్త రవికల గుడ్డను నీళ్ళలో వదిలింది. అది కనుమరుగయ్యేదాకా బోటు నిండా జనం కిక్కురుమనకుండా కూర్చున్నారు. బేబి చంకలో పిల్ల ఆకుపచ్చ చొక్కా వేసుకుంది, చిరిగినచోట చిన్న అతుకు.

ఇంజను కదిలింది. నాలో ఒక్క పసుపు గింజ పడలేదు. శుభ్రమైన నీళ్ళు వస్తుంటే సంతోషించాల్సిన జల్లెడని, ఎందుకో చిన్నబుచ్చుకున్నాను.