సుద్దముక్కతో రాసిన చిరునామా

నకరికల్లు ఎక్కడుంది? ఈ ప్రశ్నను ఫరా తయారుచేసిన వెబ్ పేజీ ఒక్క రోజులో రెండు వందల పద్నాలుగు సార్లు అడిగింది. ఎక్కడో దూరాన ఉన్న మ్యాపుల సర్వర్ అన్నిసార్లూ ఓపిగ్గా ఒకే జవాబు చెప్పింది. ఆ ప్రశ్నలన్నీ నమోదయ్యే చిట్టా, అదే లాగ్, చదువుతూ ఫరా పకపకా నవ్వింది. నకరికల్లు రాత్రికి రాత్రి లేచి ఎక్కడికి పోతుంది గనక!

ఫరా నరసరావుపేటలో కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే మౌలాలీ కూతురు. బోరు మోటారు కాలిన రైతు తన ఊరి పేరు కొడితే, దగ్గరలో ఉన్న మెకానిక్ ఎవరో ఆ పేజీ చూపిస్తుంది. అయితే తెరుచుకోవడానికి ఇరవై సెకన్లు పట్టేది. పైరు ఎండుతున్నవాడికి అంత ఓపిక ఎక్కడిది? సగం మంది విసుక్కొని మూసేసేవారు. ఎందుకింత నత్తనడకో తెలుసుకోందే ఫరాకు అన్నం సహించలేదు. తవ్వితే తేలింది ఇదీ: ఊరి చిరునామా మ్యాపుల సర్వర్‌ను, మెకానిక్కులు ఉన్న చోటు వాళ్ల ఫోన్లను అడిగి పేజీ ప్రతిసారీ కొత్తగా కనుక్కుంటోంది.

ఒకసారి తెలుసుకున్నది దగ్గర పెట్టుకుంటే సరిపోదా? దాన్నే క్యాషింగ్ అంటారు. ఊళ్లూ, మెకానిక్కుల చోట్లూ అన్నీ కలిపి ఒక రోజంతా గుర్తుపెట్టుకొమ్మని ఫరా పేజీకి చెప్పింది. పేజీ చిటికెలో తెరుచుకుంది. ఆమె సంబరం అంతా ఇంతా కాదు.

మర్నాడు మధ్యాహ్నం షాపు ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులో కాలిన మోటారు, దాని పక్కన నకరికల్లు కౌలురైతు సుబ్బారావు.

"ఏంది మౌలాలీ, మీ అమ్మాయి పేజీ? మెకానిక్ తన్వీర్ పక్కూళ్లోనే ఉండాడని చూపించింది. మోటారు ఏసుకొనిపోయి మూడు గంటలు కూర్చున్నా. వాడు తెల్లారకముందే ఎక్కడో దూరాన దుర్గి ఊరికి పోయాడంట! మిరప పూత మీదుంది, నీళ్లు లేక రాలిపోతోంది."

ఫరా ముఖం పాలిపోయింది. పేజీ చెప్పింది నిన్నటి చోటు. చానా వేగంగా చెప్పింది, అంతే.

మౌలాలీ షాపులో ఉన్న అదనపు మోటారు ఆటో ఎక్కించి, గోడ దగ్గరికి వెళ్లాడు. ఆ గోడ మీద ఊళ్ల పేర్లు, దారులు రంగుతో రాసి ఉన్నాయి. మెకానిక్కుల పేర్ల పక్కన మాత్రం సుద్దముక్క రాతలు. ఒక రాత తుడిచి, 'తన్వీర్, దుర్గి' అని రాశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చూస్తున్న గోడే. ఫరా ఇప్పుడు కళ్లు పెద్దవి చేసుకొని చూసింది.

"నాన్నా, ఇదెప్పుడెప్పుడు తుడుస్తావు?"

"నమాజు నమాజుకీ. ఆ పూట అందరూ పని ఆపి చేతులు కడుక్కుంటారు గదా, నేను చేస్తే ఫోన్ ఎత్తుతారు. ఊళ్లకి రంగేస్తే చాలు. తిరిగే మనుషులకి రంగేస్తే ఎట్టా?"

ఫరా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకొని ఆటో ఎక్కింది. దారి పొడవునా కుదుపుల్లోనే పని చేసింది. ఊళ్ల చిరునామాలు ఏడాది పాటు ఉండనిచ్చింది. మెకానిక్కుల చోటు మాత్రం ప్రతి నమాజు వేళకీ చెరిగిపోయి మళ్లీ కొత్తగా తెలుసుకునేలా మార్చి, ఆ కబురు ఎంత పాతదో పక్కనే కనబడేలా పెట్టింది.

మోటారు దించి కరెంటు కలిపేసరికి, పొలాల కరెంటు పోవడానికి ఇంకో గంటే ఉంది. నీళ్లు చాళ్లలోకి పారాయి. కాలువ గట్టు వైపు అరెకరం మిరప పూత అప్పటికే రాలి నేలమీద ఉంది. ఫరా ఆ పూల మధ్య నిలబడి, భయంభయంగా ఫోన్ సుబ్బారావుకు చూపించింది.

"బాబాయ్, ఇప్పుడు చూడు. తన్వీర్, దుర్గి, గంట కిందటి కబురు."

సుబ్బారావు తడి చేతిని పంచెకు తుడుచుకొని ఫోన్ అందుకున్నాడు. ఆ వరుస కూడబలుక్కుంటూ చదివాడు. కోపం ఎప్పుడో పోయింది, అలసటే మిగిలింది.

"అమ్మాయ్, నిన్నటి కబురని పొద్దున కూడా ఇట్టాగే రాసుంటే, నేనొక ఫోన్ కొట్టి కనుక్కునేవోణ్ణి గదమ్మా."

ఫరాకు ఏడుపొచ్చింది.