అమ్మగారి సాక్ష్యం

జక్రయ్య పాస్టరుగారి ప్రసంగంలో కూతురు సలోమి చావు ప్రస్తావన వస్తే చాలు, ముందు వరసలో ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకునేవారు. "అబ్రాహాములా నా బిడ్డను దేవుడికి అప్పగించి సేవకు వెళ్లాను," అనేవాడాయన. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఆ మాటకు ఏడవని సంఘం లేదు. ఏడవనిది ఆయన భార్య రెబ్కా ఒక్కతే. ఎనిమిదేళ్లు పళ్లబిగువున విన్నది. సమయం కోసం కాచుకుంది.

2006లో ఆయన పరిచర్యకు పాతికేళ్లు నిండాయి. చర్చి ముందు షామియానా వేశారు. నాలుగూళ్ల విశ్వాసులు వచ్చారు. దండలు వేయడం అయ్యాక సంఘపెద్ద మైకు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"అమ్మగారూ, అయ్యగారి త్యాగం గురించి మీరో సాక్ష్యం చెప్పాలండీ."

రెబ్కా లేచింది.

"సలోమికి తొమ్మిదేళ్లు. కడుపునొప్పితో రెండు రోజులు మెలికలు తిరిగిపోయింది. గుంటూరు తీసుకెళదామండీ అని ఈయన కాళ్లు పట్టుకున్నా. ప్రార్థన చేశాను, విశ్వాసముంచు అని చెప్పి స్కూటరెక్కి కొత్తపట్నం సువార్త కూటాలకు పోయారు. మర్నాడు మిరపకాయల ట్రాక్టరు ఆపి, పిల్లని బస్తాల మీద పడుకోబెట్టుకుని బయల్దేరా. ఆ ఘాటుకి దగ్గొచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకుని అరిచింది. గుంటూరు ముందున్న ఏటుకూరు దాటకముందే పోయింది."

జక్రయ్య కుర్చీలోంచి సగం లేచాడు. "రెబ్కా! చాల్లే, కూర్చో."

"ఎనిమిదేళ్లు కూర్చున్నానండీ. అబ్రాహాము బలివ్వాల్సిన కొడుకుని తనే కొండ మీదికి తీసుకెళ్లాడు. మీరు పక్కనే లేరు. నా ఒళ్లో పోయిన బిడ్డని మీరిచ్చానంటారేంటి? మట్టి వేసిన మర్నాడే మిగిలిన కూటాలకి పోలేదా? చెప్పండి, వీళ్లందరి ముందూ చెప్పండి!"

ఆయన మెడలో దండలు ఒక్కొక్కటే తీసేసుకున్నాడు. అది చూస్తుంటే రెబ్కాకి కడుపు నిండినట్టయింది.

ఆ తర్వాత ఆయన ఏ కూటంలోనూ సలోమి పేరెత్తలేదు. మూడు నెలల్లో సంఘం సగమైంది. ఆయన కొత్తపట్నం జాలరిపేటకి మకాం మార్చాడు. రమ్మన్నా ఆమె వెళ్లలేదు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతూ ఊళ్లోనే ఉండిపోయింది.

ఓరోజు పక్కన కూర్చుని తొడిమలు తీస్తున్న వెంకటరావమ్మ మెల్లగా అంది: "అయ్యగారిని క్షమించు రెబ్కమ్మా. మీ దేవుడు కూడా ఉన్న ఒక్క కొడుకునీ ఇచ్చాడంటారుగా."

"మూడో రోజు బతికించి తిరిగి తీసుకున్నాడుగా," అంది రెబ్కా.

ఆదివారం మాత్రం చర్చికి వెళ్తుంది. చివరి వరసలో కూర్చుంటుంది. కొత్త పాస్టరు అబ్రాహాము పేరెత్తితే లేచి బయటికి వచ్చేస్తుంది.