ఆడమనిషికి జల్దీ జమానత్

నేను జొన్నరొట్టె తడుతున్నాను. పెనం మీద ఒకటి మాడుతుండగానే పోలీసులు వచ్చి వెనక కొట్టంలోంచి నాలుగు డబ్బాల గుడుంబా బయటికి తీశారు. ఆ నాటుసారా కాచేది నా భర్త సైమన్. "ఇది ఎవరిది?" అని ఎస్సై గద్దించగానే సైమన్ నా పక్కకు చేరి గొణిగాడు. "నాదని చెప్పు రిబ్కా. ఆడమనిషికి జల్దీ జమానత్ ఇస్తరు. నేను పోతే చెరుకు ఎవడు నరుకుతడు? రెండు రోజులే."

అత్త హన్నమ్మ గడపలో నిలబడి, "మొగోడు జైలుకు పోతే ఇంటి ఇజ్జత్ ఏమైతది?" అంది. నేను పోతే ఇజ్జత్‌కు ఏమీ కాదన్నమాట. నాదేనన్నాను.

నారాయణఖేడ్ కోర్టులో పద్నాలుగు రోజుల రిమాండు రాశారు. కాగితం మీద పేరు రాయమన్నారు. చర్చిలో పెళ్లి రిజిస్టరు తర్వాత నా పేరు నేను రాసింది మళ్లీ అక్కడే.

రెండు రోజులు పోయాయి, వారం పోయింది. జైల్లో నా పక్కన పడుకునే సాలెహా బేగం, "నాకు గూడ రెండు రోజులే అన్నరు బేటీ. మూడుసార్లు రిమాండు పెంచిండ్రు" అంది.

తొమ్మిదో రోజు సైమన్ ములాఖత్‌కు వచ్చాడు. జమానత్‌కు పూచీ పడేందుకు పట్టా భూమి ఉన్నోళ్లు దొరుకుతలేరట. "అత్తమ్మ పేరు మీద ఉంది కదా" అన్నాను. "అమ్మను కోర్టు మెట్లెక్కిస్తనా? నీకేంది, కూసున్న కాడికి తిండొస్తది. మాకే పరేషాన్. అమ్మకు నడుం వంగుతలేదు. కారం డబ్బా యాడ పెట్టినవ్?" అన్నాడు. ఎక్కడుందో చెప్పాను! అతను వెళ్లిపోయాక నా నోరు నేనే కొట్టుకోవాలనిపించింది. అతను కాచే గుడుంబాకు నీళ్లు మోసింది నేను, మసి గిన్నెలు తోమింది నేను, తాగి వచ్చినవాళ్ల బూతులు విన్నది నేను. వద్దంటే, "నీకేం తెలుసు, ఊకో" అన్నారు. పదేళ్లు ఊకున్నాను. ఆఖరికి అతని నేరం కూడా ఇంటి పనుల్లో ఒకటిగా నాకే ఒప్పజెప్పారు, నేను కూడా చెయ్యి చాపి తీసుకున్నాను.

మర్నాడు జైలుకొచ్చిన ప్రభుత్వ వకీలమ్మ ఇంద్రమ్మకు జరిగిందంతా చెప్పాను. "కోర్టుల చెప్తే కేసు మీ ఆయన మీదికి పోతది, ఆలోచించుకో" అంది. ఆలోచించేందుకు నాలుగు రోజులు దొరికాయి.

పద్నాలుగో రోజు సైమన్ కోర్టుకు ఉత్త చేతులతో వచ్చాడు. "ఇంకో వాయిదా ఓర్చుకో" అని తలుపు దగ్గరే అన్నాడు. మేజిస్ట్రేటు రిమాండు పెంచబోతుంటే నేను ఎవరూ అడగకుండానే నోరు విప్పాను.

"సారూ, అది కాచింది నేను కాదు. గాడ నిలబడ్డోడు."

"పిచ్చిలేసిందా దీనికి?" అని సైమన్ అరిచాడు. మేజిస్ట్రేటు నా మాట రాసుకున్నారు. కానీ ఆ పూటకు నన్ను వదల్లేదు, మళ్లీ జైలు వ్యానే ఎక్కాను. మూడు రోజుల తర్వాత ఇంద్రమ్మ వాదనతో నా సొంత పూచీ మీద జామీను వచ్చింది.

గుమాస్తా బాండు కాగితం నింపుతూ, తల ఎత్తకుండానే సైమన్ ఇంటి నంబరు రాయబోయాడు.

"అది కాదు. కల్హేర్, మా అక్క ఇల్లు" అని రాయించాను.