వక్త గొంతు

సవాయి దీవిలో తుయాలా గురక మొదలుపెడితే మూడిళ్ల అవతల కుక్కలు లేచి కూర్చునేవి. ఊరి సభల్లో కుటుంబం తరఫున కర్ర పట్టుకుని మాట్లాడే పెద్దమనిషి ఆయన. ఆ గొంతంటే ఇంటిల్లిపాదికీ గర్వం. ఆరేళ్ల మనవరాలు లాంగికి అదే గురక పట్టుబడితే ఇంక చెప్పాలా! గోడల్లేని ఇల్లు, వరసగా పరిచిన చాపలు. ఆ కచేరీ అందరూ వినాల్సిందే.

"నా తర్వాత కర్ర పట్టేది ఇదేనర్రా!" అని మురిసిపోయేవాడు.

ఏడాదికోసారి న్యూజిలాండ్ నుంచి వచ్చే డాక్టర్లకు లాంగిని చూపించారు. గొంతులో టాన్సిల్స్ రెండూ ఉబ్బి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

"ఏడాదిలో ఎన్నిసార్లు గొంతునొప్పి, జ్వరం వచ్చాయమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మూడే," అంది తల్లి ఫిలోయి.

"అంతమాత్రానికి ఆపరేషన్ అక్కర్లేదు. నిద్రలో ఊపిరి ఆగుతుందా?"

ఆగేది. పిల్ల ఛాతీ ఎగిరెగిరి పడటం ఫిలోయి కళ్లారా చూసింది. కానీ పక్కనే తండ్రి తుయాలా కూర్చున్నాడు. ఆయన గొంతును పరాయి మనిషి ముందు రోగం అని ఎలా అంటుంది? అదీ ఫిలోయి తెలివి!

"గురకా? మా వంశంలో అందరిదీ అదే వరసలెండి," అని నవ్వేసింది. డాక్టరమ్మ మళ్లీ ఏడాది చూద్దామంది.

ఆ ఏడాదంతా లాంగి బడిలో కునికిపాట్లు పడుతూనే ఉంది. అక్షరాల్లో వెనకబడింది. టీచరు కబురు పంపినప్పుడల్లా ఫిలోయి కొబ్బరి ఈనెల చీపురు అందుకునేది. "మొద్దు మొహమా! రాత్రంతా పడుకున్నది చాలదుటే నీకు?"

మళ్లీ డాక్టర్లు వచ్చారు. వరసలో కూర్చున్నచోటే లాంగి నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఊపిరి ఆగడం డాక్టరమ్మ స్వయంగా చూసింది. "ఇలా ఎప్పట్నుంచి?"

ఫిలోయి పక్కనున్న తండ్రి వంక ఓసారి చూసి తల దించుకుంది. తుయాలాకు అర్థమైంది. "నా పరువు కోసమా నోరు మూసుకున్నావు? అడిగితే నా గొంతు కూడా కోయించుకునేవాణ్ణి కదే, పిచ్చిదానా!"

ఆ వారమే ఆపరేషన్ అయింది. నెల తిరిగేసరికి లాంగి బడిలో కళ్లు విప్పార్చుకుని కూర్చుంటోంది.

"అమ్మా, అయితే నాది బద్ధకం కాదా?" అని అడిగిందో సాయంత్రం.

"కాదు తల్లీ. నీకు సరిగ్గా ఊపిరి ఆడక నిద్ర చాలలేదు, అంతే."

"మరి కొట్టినవాళ్లకి ఆ మాట చెప్పవూ?"

ఫిలోయి పక్కనున్న ఈనెల చీపురును చాప కిందికి తోసేసింది. టీచరు ఏనాడూ ఆ పిల్ల మీద చెయ్యి చేసుకుని ఎరగదు.